ఈలకు దూకే గిత్త

అభ్యసనం అంటే ఏమిటో నిర్వచించమని బీఎడ్ పరీక్షలో తప్పకుండా అడుగుతారు. అనుభవం వల్ల, సాధన వల్ల ప్రవర్తనలో వచ్చే దాదాపు శాశ్వతమైన మార్పు అని రాస్తే మార్కులు వేస్తారు. మా కాలేజీలో అందరం ఆ వాక్యాన్ని బట్టీ కొట్టాం. దెబ్బలు తిని నేర్చుకున్నది కూడా అభ్యసనమేనా అని ఒకసారి క్లాసులో లేచి అడిగాను. మా సైకాలజీ మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "అదీ అభ్యసనమేనమ్మా. కాకపోతే నువ్వు నేర్పాలనుకున్నదే అవతలివాళ్లు నేర్చుకుంటారని గ్యారంటీ లేదు" అన్నారు. ఆ రోజు నాకా మాట తలకెక్కలేదు. ఎక్కేసరికి మా నాన్న కాలు పోయింది, ఒక గిత్త ప్రాణం మీదికి వచ్చింది.

మా నాన్న బండలాగుడు పందేలకు గిత్తల్ని తయారుచేసే మనిషి. పొదిలి నుంచి వినుకొండ దాకా ఏ తిరునాళ్లలో పందెం పెట్టినా ఆయన మొహం తెలియనివాళ్లు ఉండరు. పందెమంటే పెద్ద రాతిబండను గొలుసుతో కాడికి కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. గిత్తలు మావి కావు. మా ఊరి ఆసామివి. మేము చర్చి పక్కన పాలెంలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ మిరప చేలల్లో కూలికి పోయేది. నాన్న మాత్రం పొద్దస్తమానం ఆసామి దొడ్లోనే ఉండేవాడు, గొడ్లతో పాటు గొడ్డులాగా.

పుస్తకంలో శైశవం, బాల్యం, కౌమారం అని మనిషి బతుకును దశలుగా కోసి పెట్టారు. నాన్నకు అవన్నీ పళ్లే. పందేలు కూడా అలాగే పెడతారు మరి: పాలపళ్ల జతలకు ఒక పందెం, రెండు పళ్లవాటికి ఒకటి, నాలుగు పళ్లవాటికి ఒకటి, ఆరు పళ్లవాటికి ఒకటి. గిత్త పెదవి పైకెత్తి చూసి, దీనికి ఎంత బరువు పెట్టాలో, ఎన్ని దెబ్బలు వెయ్యాలో చెప్పేసేవాడు. నేను ఎదురు మాట్లాడితే, "నీకింకా పాలపళ్లేనే, నోరు ముయ్" అనేవాడు. నాకప్పటికి డిగ్రీ అయిపోయింది.

ఆయనకు నేర్పడమంటే కొట్టడమే. గొడ్డుకైనా మనిషికైనా ఒకటే పాఠం. నాకు ఎక్కాలు వచ్చింది చెర్నాకోల పిడితోనే. ఏడో ఎక్కం దగ్గర తడబడితే మోకాళ్ల మీద పడేది. ఒకసారి దూడ పలుపు వదిలేశానని నన్నూ దాన్నీ ఒకే రాటకు కట్టేసి, దానికొకటి నాకొకటి వంతులేసుకుని వడ్డించాడు. దూడ అరిచింది. నేను అరవలేదు. అరిస్తే ఇంకోటి పడుతుందని నాకు అప్పటికే తెలుసు, దూడకు తెలియదు. అమ్మ ముందు పన్ను ఒకటి ఆయన గుద్దుకే కదిలి ఊడింది. ఆదివారం చర్చిలో అడిగినవాళ్లకు బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పింది. ప్రార్థనలో మాత్రం అందరికంటే గట్టిగా ఆమె గొంతే వినబడింది. నేను కళ్లు మూసుకోకుండా నాన్న చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. ఆయన గదిలో ఏ మూలనున్నా ఆయన చెయ్యి ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు.

అందుకే నేను టీచర్ని కావాలనుకున్నాను. ఏసయ్య మీద ఒట్టు వేసుకున్నాను, నా చేత్తో ఒక్క ప్రాణిని కూడా కొట్టనని. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన హైస్కూల్లో నా చేతికి బెత్తం ఇస్తే కిటికీలోంచి మిరప చేలో పారేశాను. పిల్లలు నా నెత్తినెక్కి ఆడారు. ఆడనీ అనుకున్నాను.

ఇక ఆ గిత్త సంగతి. అది పుట్టగానే తల్లి చచ్చిపోయింది. నేను డిగ్రీ సెలవుల్లో ఉన్నాను. గుడ్డ పాలలో ముంచి నోట్లో పెడితే నా వేళ్లతో సహా చీకేది. తెల్లగా, మూతి మాత్రం నల్లగా, బొగ్గులో ముంచినట్టుండేది. పెదవి పైకెత్తకుండానే దాని వయసు నాకు తెలుసు. నేనుంటే దానికి బెంగ లేదు, అదుంటే నాకు బెంగ లేదు. పాలపళ్లు రాలి రెండు పళ్లు వేయగానే నాన్న దాన్ని కాడికి కట్టాడు. కాడికి ఎడమ పక్క, దాపట కట్టాడు. అంతే, ఆ రోజుతో దాని చిన్నతనం అయిపోయింది.

నాన్నకు అప్పుడొక ఆలోచన పుట్టింది. పందెంలో ఈల ఊదగానే మనుషులు అరిచి, అదిలించి, కొట్టి, గిత్తలు కదిలేసరికి కాస్త సమయం పోతుంది. ఆ కాస్తా మిగిలితే పందెం మనదే. అందుకని బజార్లో ఒక ఈల కొని మెళ్లో వేసుకున్నాడు. ఈల ఊదడం, అదే క్షణంలో చెర్నాకోలతో వెన్ను మీద చెళ్లుమనిపించడం. ఈల, దెబ్బ. ఈల, దెబ్బ. తెల్లటి ఒంటి మీద ఎర్రటి వాతలు మిరప కల్లంలో గీతలు గీసినట్టు తేలేవి. కొన్నాళ్లకు ఈల వినగానే అది దెబ్బ పడకముందే ముందుకు దూకడం మొదలెట్టింది. బండ కట్టినా అంతే, ఉత్త గొలుసు కట్టినా అంతే. ఆసామి చప్పట్లు కొట్టాడు. "ఏరా, ఏం మంత్రమేశావురా దీనికి!" అని నాన్న భుజం చరిచాడు. నాన్న మీసం మెలేశాడు. గిత్త మూత్రం పోసుకుంటూ వణుకుతోంది. దాని వంక చూసిన నాథుడు లేడు.

సరిగ్గా ఆ వారమే కాలేజీలో కుక్క పాఠం చెప్పారు. గంట కొట్టి అన్నం పెట్టగా పెట్టగా, చివరికి గంట వింటేనే కుక్కకు నోరూరుతుందని. నేను అన్నం తింటూ ఆ ముక్క నాన్నకు చెప్పాను.

"ఏడిశార్లే" అన్నాడు. "కూడు పెట్టి నేర్పితే కడుపు నిండగానే మర్చిపోద్ది. కొట్టి నేర్పితే చచ్చేదాకా గుర్తుంటది."

"నిజమే. నాకన్నీ గుర్తున్నాయి" అన్నాను.

కంచం ఎగిరి గోడకు తగిలింది. పప్పు నా జడలోంచి కారింది. అమ్మ లేచి చీపురు తెచ్చుకుంది.

ఆ యేడు తిరునాళ్లకు జతలో రెండో గిత్తకు కాలు బెణికితే, ఆసామి హడావుడిగా ఇంకోదాన్ని కొనుక్కొచ్చి వలపట, అంటే కుడి పక్క కట్టాడు. దానికి ఈల పాఠం తెలియదు. "దాపటిది దూకితే ఇది దాని వెంట రాక చస్తుందా" అన్నాడు నాన్న. మైకులో మా ఊరి పేరు చదివారు. గట్ల మీద, ట్రాక్టర్ల మీద, కరెంటు స్తంభాల మీద కూడా జనం. ఈల మోగింది. మా గిత్త దూకిన దూకుడుకి బండ కింద మట్టి పొగలా లేచింది. జనం చప్పట్లు, కేకలు. నాన్న పక్కనే పరుగెత్తుతూ, నోరు నురగ కక్కుతూ, వాటికంటే ఎక్కువగా అరుస్తూ కొడుతున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి, నేను కూడా అరిచాను. గొంతు పోయేలా అరిచాను. మన జత గెలుస్తుంటే ఒళ్లు తెలుస్తుందా?

ప్రతిచోటా సమయం అయిపోయిందని మైకులో చెప్పి గంట కొడతారు. అక్కడ మాత్రం కమిటీవాళ్లు అయిపోయినదానికి కూడా ఈలే ఊదారు. అప్పటికి సమయం అయిపోవచ్చిందని నాన్న గిత్తల్ని ఆపడానికి వాటి ముందుకు వచ్చి, ముకుతాళ్లు రెండూ చేతుల్లోకి తీసుకుంటున్నాడు. ఈల మోగింది. కొత్త గిత్త నిలబడిపోయింది. మాది దూకింది. ఒకటి ఆగి, ఒకటి దూకేసరికి కాడి గిర్రున తిరిగింది. కాడి కొస గుండెకు తగిలి నాన్న వెల్లకిలా పడ్డాడు. బండ పక్కకు జారుకుంటూ వచ్చి ఆయన కాలి మీదికి ఎక్కింది. ఎముక విరిగిన చప్పుడు నాకు గట్టు మీదికి వినబడింది. నాన్న అరుపు విని బెదిరి అది ఇంకా లాగింది. బండ కింద ఆయన కాలు, కాలితో పాటు ఆయన. జనం మీద పడి ఆపేసరికి మోకాలి కింద కాలన్నది లేదు, మట్టీ నెత్తురూ కలిసిన ముద్ద ఉంది. ఎవడో ముల్లుగర్ర లాక్కుని గిత్త కళ్ల మీద, ముక్కు మీద పొడవడం మొదలెట్టాడు. ఇంకో పదిమంది రాళ్లు తీసుకున్నారు. నేను పరుగెత్తుకుంటూ నాన్న దగ్గరికి కాదు, దాని దగ్గరికి వెళ్లాను. ఎందుకని ఇప్పటికీ నన్ను నేను అడగలేదు.

ఒంగోలు ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు. వరండాలో నేలమీద కూర్చుని పరీక్షకు చదువుతున్నాను, చదవకపోతే పిచ్చెక్కేలా ఉంది కాబట్టి. ఒక పేజీ దగ్గర నా వేలు ఆగిపోయింది. ఒక ఉద్దీపనకు నేర్చుకున్న ప్రతిస్పందన, అలాంటి మరో ఉద్దీపనకు కూడా వస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా విడిగా నేర్పితే తప్ప రాదు. దొడ్లో మా నాన్న మొదలుపెట్టడానికి ఈల ఊదాడు గానీ ఆపడానికి ఏనాడూ ఊదలేదు. నోటితో 'ఓహో' అని ఆపేవాడు. ఈలంటే దూకడమొక్కటే దానికి తెలుసు. అది తిరగబడలేదు, పొగరెక్కలేదు. నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పింది.

లోపలికి వెళ్లి ఆ మాటే చెప్పాను. నాన్న మంచం మీద నీరసంగా పడి ఉన్నాడు. కట్టు మీద ఈగలు.

"చంపమను దాన్ని" అన్నాడు. "నా కళ్లముందు నరకమను. అప్పుడుగానీ నా కడుపు చల్లారదు."

"నువ్వు నేర్పిందే చేసింది నాన్నా."

"ఒసేయ్, కాలు పోయింది నాదే, దానిది కాదు! దానికి వకాల్తా పుచ్చుకుంటావా?" అని మందుసీసా తీసి విసిరాడు. ఆ చెయ్యి లేవడం నేను ముందే చూశాను కాబట్టి సీసా తలుపుకు తగిలింది.

నేను తిన్నగా బస్సెక్కి ఆసామి దగ్గరికి వెళ్లాను. ఆయన అప్పటికే కబేళాకు గొడ్లు తోలే వ్యాపారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మనిషిని తొక్కించిన గిత్తను పందేనికి ఎవరూ కొనరు, అరకకు అసలే కొనరు. ఇక మిగిలింది కోతే.

"దానికి ఈలంటే భయం, అంతేనండి. ఆ భయం నేను పోగొడతాను" అన్నాను.

"బీఎడ్ చదివేది పిల్లలకు చెప్పడానికి కదమ్మాయ్, గొడ్లకు కూడానా?" అని నవ్వాడు. కానీ ఒళ్లంతా కళ్లున్న మనిషి, అంత గిత్త ఊరికే కోతకు పోవడం ఆయనకూ ఇష్టం లేదు. "సరే. మీ నాన్న కర్ర పట్టుకుని లేచి నడిచేదాకా టైము. ఆ రోజు నేనే వచ్చి విజిల్ ఊదుతా. అది రాయిలా నిలబడిందా, ఉంచుతా. కదిలిందా, లారీ ఎక్కిస్తా. మళ్లీ నా గుమ్మం ముందు ఏడవకూడదు."

ఏడవనని చెప్పాను. నేను ఓడిపోతే చచ్చేది అది, నేను కాదు. అందుకే భయం వేసింది.

మొదటి రోజు పొద్దున్నే బెల్లం ముక్క అరచేతిలో పెట్టుకుని, దొడ్డి అవతల నుంచి ఈల చిన్నగా ఊదాను. అది రాటను పెకలించినంత పని చేసింది. దగ్గరికి వెళితే వెనక కాలు విసిరింది. నేను ఎగిరి కంచెలో పడ్డాను. జబ్బకు ముళ్లు దిగాయి, పక్కటెముకలు కమిలిపోయాయి. కూర్చుని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ పాడు బతుకు కోసమే కదరా నేను చచ్చేది! నీకేం, లారీ ఎక్కి పోతావు, నేనెవరితో చెప్పుకోవాలి?" అది గుడ్లప్పగించి చూసింది. చెర్నాకోల రాట పక్కన మేకుకే వేలాడుతోంది. చెయ్యి దాని వంక పోలేదు.

పొద్దున కాలేజీ బస్సుకు ముందు, సాయంత్రం బస్సు దిగాక, రోజూ అదే పని. ఈలను చెంగు మడతల్లో చుట్టి ఊదేదాన్ని, ఈల గాలిలో గాలిలా వినబడేలా. వెంటనే బెల్లం. కాస్త గట్టిగా. వెంటనే బెల్లం. భయపడితే మళ్లీ వెనక్కి, మళ్లీ చిన్నగా. తొందరపడితే మొదటికి వస్తుందని పుస్తకంలోనే ఉంది. మన కోపం దానికి తెలుస్తుందని మాత్రం పుస్తకంలో లేదు. నాకు కోపం వచ్చిన రోజు అది బెల్లం ముట్టేది కాదు. దాంతో నేనే కోపం లేకుండా ఉండడం నేర్చుకోవాల్సి వచ్చింది, నాలాంటి దానికి అది ఎంత కష్టమో పగవాళ్లకు కూడా వద్దు.

"ఉన్న బెల్లమంతా దానికే మేపితే టీలో ఏం వేసుకు తాగుతావే, నీ మొహమా?" అని అమ్మ సణిగేది. మిరపకాయలు కోసిన చేతులు మంటపుట్టి బకెట్టులో పెట్టుకుని కూర్చునేది. అయినా కొట్టు నుంచి బెల్లం తెచ్చేది ఆమే.

ఒకరోజు నేను ఈల ఊదితే అది దూకలేదు. చెవులు రిక్కించి, మెడ చాచి, నల్లటి మూతితో నా గుప్పిట వెతికింది. నాలుక గరుగ్గా, వేడిగా చేతికి తగిలింది. దాని మెడ పట్టుకుని దొడ్లో నిలబడి భోరుమని ఏడ్చాను. నా బతుకులో నేను నేర్పిన మొదటి పాఠం అది. ఎవర్నీ కొట్టకుండా నేర్పాను. మా నాన్నకు రానిది నాకు వచ్చిందని గర్వంతో ఒళ్లు పొంగిపోయింది.

నాన్న ఇంటికొచ్చాక మంచంలోంచే వెటకారాలు ఆడేవాడు. "ఏం టీచరమ్మా, గిత్తకి అఆలు వచ్చినాయా?" అనేవాడు. కొన్నాళ్లకు వెటకారం తగ్గి, "మేత తింటందా? వీపు మీద పుండ్లు మానినాయా?" అని అమ్మను అడిగాడట. చంకకింద కర్ర పెట్టుకుని గుమ్మం దాటిన రోజు ఆసామి దొడ్లోకి రమ్మని కబురు చేశాడు.

ఆసామి రాట పక్కన నిలబడి బుగ్గలు పూరించి ఈల ఊదాడు. గిత్త చెవులు కదిలాయి. అంతే. మెడ చాచి ఆసామి పంచె వాసన చూసింది.

"ఓరి దీని... కుక్కపిల్ల అయిపోయిందిరా!" అని ఆయన పగలబడి నవ్వాడు. ఇంకోసారి ఊదాడు, దాని చెవి దగ్గరే. కదల్లేదు.

నాన్న మొహం వెలిగిపోయింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన మొహంలో ఆ వెలుగు నా వంక తిరగడం అదే మొదలు. నేను గిత్త పక్కనే ఉన్నాను. ఆయన కర్రను చంకలో బిగించి, మా ఇద్దరి వైపు ఒక అడుగు వేసి, "శెభాషే!" అంటూ కుడిచెయ్యి పైకెత్తాడు. నా నెత్తిన పెట్టడానికో, దాని మూపురం చరచడానికో. ఏదో మంచికే.

ఆ చెయ్యి లేవడం మేమిద్దరం చూశాం.

నేను నెత్తి మీద మోచేతులు అడ్డం పెట్టుకుని పేడలో చతికిలబడ్డాను. అదే క్షణాన అది పక్కకు దూకింది. పలుపు తెగింది. కొమ్ము ఆసామి ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చుకుంటూ పోయింది. తెల్ల పంచె మీద నెత్తురు బొటబొటా కారింది. నేను మోచేతుల సందులోంచి చూశాను. నాన్న చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ దాని వంక చూశాడు. చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

ఈల భయం నేను పోగొట్టాను. నాన్న భయం సంగతి నా పాఠంలో లేనే లేదు. దానికి నేర్పాల్సింది అదేనని నాకు తోచలేదు, ఎందుకంటే అది నాకే రాలేదు.

"రేపు లారీ వస్తుంది" అన్నాడు ఆసామి, చేతికి తువ్వాలు చుట్టుకుంటూ. కాళ్లు పట్టుకున్నాను. గుమ్మం ముందు ఏడవనన్న మాట తప్పి ఏడ్చాను. "ఇద్దరు మనుషుల్ని పడేసిందమ్మాయ్. మూడోవాడు చచ్చేదాకా ఉంచమంటావా?" అన్నాడు.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. నాన్న నాకంటే ముందే వచ్చి దొడ్డి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవరు దిగి గిత్తను ఎగాదిగా చూశాడు. "పొడిచేదట కదా? గొడవ చేస్తే మాత్రం నేను ఎక్కించుకోనండి, ముందే చెబుతున్నా. పోయిన నెల ఒకటి డోరు విరగ్గొట్టింది" అన్నాడు.

నా గుండెలో దీపం వెలిగింది. గొడవ చెయ్యి, తండ్రీ, గొడవ చెయ్యి అనుకున్నాను. డోరు విరగ్గొట్టు. ఒక్కసారి దూకు. వాళ్లు వదిలేసి పోతారు, ఆపైన ఆసామి కాళ్లు మళ్లీ పట్టుకుంటాను.

డ్రైవరు మళ్లీ లారీ ఎక్కాడు. క్లీనరు వెనక నిలబడి, వెనక్కి రమ్మని డ్రైవరుకు సైగ చేస్తూ ఈల ఊదాడు.

గిత్త చెవులు రిక్కించింది. మెడ చాచింది. లారీ ఆగి, వెనక చెక్క దించి పలుపు విప్పగానే, బెల్లం కోసం క్లీనరు చేతి వంక చూసుకుంటూ, పెళ్లికి పోతున్నట్టు తాపీగా నడిచి చెక్క మీదికి కాలు పెట్టింది. వాడికి సరదా వేసింది. ఇంకోసారి ఊదాడు. ఇంకో అడుగు వేసింది.

"నాన్నా, చెయ్యెత్తు!" అని అరిచాను. "ఒక్కసారి ఎత్తు నాన్నా! నిన్ను చూస్తే దూకుతుంది!"

నాన్న రెండు చేతులతో కర్రను పట్టుకుని ఉన్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి. పెదాలు కదిలాయి. చెయ్యి మాత్రం లేవలేదు. నేను పుట్టినప్పటి నుంచి దించమని దేవుణ్ణి వేడుకున్న చెయ్యి, లేవాల్సిన ఒక్కరోజు లేవలేదు. ఆయన కూడా నిన్ననే నేర్చుకున్నాడు.

మేకుకున్న చెర్నాకోల నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. నేను దాన్ని ఎన్నడూ ముట్టలేదు. అయినా మొదటి దెబ్బే గాల్లో చెళ్లుమని మోగి, మూపురం కింద సరిగ్గా పాత వాత మీదే పడింది. "దూకరా! దూకి చావరా!" రెండోది పడింది. మూడోది చెవి మీద పడి నెత్తురు చిమ్మింది. క్లీనరు బెదిరి పక్కకు తప్పుకున్నాడు. నేను కొడుతూనే ఉన్నాను, ఏడుస్తూ, బూతులు తిడుతూ, నురగ కక్కుతూ.

అది దూకలేదు. ఒళ్లు జలదరించింది, కళ్లు మూసింది. చెక్క మీద నిలబడే మెడ వెనక్కి తిప్పి, నల్లటి మూతితో నా ఎడమ గుప్పిట తెరిచి బెల్లం వెతికింది. నా చేతి నుంచి దెబ్బ వస్తుందని దానికి ఎవరూ నేర్పలేదు.

డోరు వేశారు. లారీ వినుకొండ రోడ్డెక్కింది.

నాన్న కర్ర ఊనుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కొంచెం దూరంలోనే ఆగాడు. చేతులు నాకు కనబడేలా ముందు పెట్టుకుని ఆగాడు.

"చెయ్యి బాగా తిరిగిందే నీకు" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "ఎవరు నేర్పారే?"

"నువ్వే" అన్నాను.

ఆయన తలూపాడు. ఇద్దరం మిరప చేల మధ్య బాటన ఇంటికి నడిచాం, ఆయన అడుగుకు నా అడుగు తగ్గించుకుంటూ. గుమ్మంలోకి వచ్చాక అమ్మ నన్ను చూసి గోడకు జరిగి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. చెర్నాకోల ఇంకా నా చేతిలోనే ఉంది.